ఏడ్చేదానికి ఒక ఆడపిల్ల

అహ్మదాబాద్. 2016 జనవరి 21. 97 ఏళ్ల తల్లి కన్నుమూసింది. వచ్చినవాళ్లు పూలుంచి, చేతులు జోడించి, పక్కకు తప్పుకుంటారు కదా! ఆ కూతురు అలా చేయలేదు. తల్లి పార్థివదేహం ముందు నిలబడి నాట్యం చేసింది.

ఆ దృశ్యం టీవీల్లో, ఫోన్లలో దేశమంతా తిరిగింది. చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. ‘శవం ముందు ఆటేమిటమ్మా’ అని ముక్కున వేలేసుకునేవాళ్లూ ఉంటారు. ఇంతకీ ఆ తల్లి మృణాళినీ సారాభాయ్, ఆ కూతురు మల్లిక.

మృణాళిని పుట్టిల్లు కేరళ, పెరిగింది మద్రాసు. రాజ్యాంగ సభ సభ్యురాలు అమ్ము స్వామినాథన్ ఆమె తల్లి, నేతాజీ సైన్యంలో పనిచేసిన కెప్టెన్ లక్ష్మి సొంత అక్క. శాంతినికేతన్‌లో చదువు. మీనాక్షి సుందరం పిళ్లై దగ్గర భరతనాట్యం నేర్చుకుంది. 1942లో శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్‌ని పెళ్లాడి గుజరాత్ కోడలైంది. అక్కడ 1949లో ‘దర్పణ’ పేరుతో నాట్య సంస్థ పెట్టింది.

ఇదంతా ఎక్కడైనా దొరికే వివరమే. అసలు చెప్పుకోవాల్సింది వేరే ఉంది. సౌరాష్ట్రలో కొత్త కోడళ్లు ప్రాణాలు తీసుకుంటున్నారన్న వార్తలు పేపర్లో చదివి మృణాళిని ఊరుకోలేకపోయింది. దేవుళ్లనూ నాయికలనూ మాత్రమే ఎరిగిన భరతనాట్యంతో ఆ అమ్మాయిల బాధ చెప్పింది. ఆ నృత్యం పేరు ‘మెమరీ’... జ్ఞాపకం. పోయిన ఆడవాళ్ల తరఫున మాట్లాడ్డానికి నాట్యం పనికొస్తుందని కూతురు నేర్చుకున్నది ఆ ఇంట్లోనే.

మల్లికకు కూచిపూడి నేర్పింది మన సి.ఆర్.ఆచార్యులు. ఒకప్పుడు మగవాళ్లే ఆడవేషం కట్టి, మేళంగా ఆడిన కళ అది. ఒక స్త్రీ ఒంటరిగా వేదికెక్కి గంటసేపు కూచిపూడి ఆడటమన్నది ఆ తర్వాతి ముచ్చట. మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి లాంటివాళ్లు ఆ దారిని దేశమంతా చూపించారు. మల్లిక కూడా ‘శక్తి: ద పవర్ ఆఫ్ విమెన్’ పేరుతో 1989లో ఏకపాత్ర ప్రదర్శన ఇచ్చింది. అంతకుముందు, 1985లో పీటర్ బ్రూక్ ఫ్రాన్స్‌లో తీర్చిదిద్దిన తొమ్మిది గంటల ‘మహాభారతం’లో ద్రౌపది ఆమే.

ద్రౌపది అంటే పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు వాళ్లకు వేరే పరిచయం అక్కర్లేదు. ఇక్కడ ఆమె కథలో పాత్ర కాదు, గుళ్లో అమ్మవారు! ధర్మరాజుల గుడి దగ్గర భారతం మొదలైతే పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక్క భాగవతారే చిరతలు పట్టుకుని కుంతీ అవుతాడు, గాంధారీ అవుతాడు. ఒక్క మనిషి నిలబడి ఊరందరినీ ఏడిపించడం ఈ పల్లెలకు కొత్త కాదు.

భాగవతార్లకు పేరుంది, సంభావన ఉంది. ఆ రెండూ లేకుండా అంతపనీ చేసేవాళ్లు మరొకరున్నారు. పెద్దపంజాణి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా తల్లి పోయిన ఇంటికి వచ్చే ఆడపిల్లలు.

అమ్మ పోయిందని కబురందుతుంది. అత్తగారింటి నుంచి బయల్దేరినప్పుడు ఆ కూతురు నోట మాట ఉండదు. బస్సులోనూ ఉండదు. పుట్టిల్లు కనబడే మలుపు దగ్గర మొదలవుతుంది శోకం. పలకల మోతను కూడా దాటి వినిపిస్తుంది. శవం పక్కన చేరాక అది వట్టి ఏడుపుగా ఉండదు. ఒక రాగం ఉంటుంది, ఒక వరస ఉంటుంది. తల్లి బతుకంతా ఒక్కొక్కటే బయటికొస్తుంది. అర్ధరాత్రి లేచి పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేసింది, పాలమ్మి పుస్తకాలు కొన్నది, టమోటాకు ధర లేక బుట్టలు రోడ్డున పారబోసిన ఏడు కూడా పండక్కి రవికగుడ్డ పంపింది... ‘ఇంక నేనెవురింటికి వచ్చేదమ్మా’ అని అడుగుతుంది. పక్కనున్న ఆడవాళ్లు భుజాల మీద చేతులేసి ఆ రాగం అందుకుంటారు. ఎవరి అమ్మ వాళ్లకు గుర్తొస్తుంది మరి!

ఇందులో ఫిర్యాదులూ ఉంటాయి. ఆఖరి రోజుల్లో అన్నం పెట్టనివాళ్లు, ఆస్పత్రికి తీసుకుపోనివాళ్లు, నగలు ముందే తీసి దాచినవాళ్లు... పేరు చెప్పకపోయినా ఎవరికి తగలాలో వాళ్లకు తగులుతుంది. మామూలు రోజుల్లో అదే మాట అంటే పెద్ద గొడవ. ఆ పూట మాత్రం ఎవరూ నోరు మూయమనరు. అన్నదమ్ములు కూడా తలొంచుకుని వింటారు. ఆడపిల్లకు పుట్టింట్లో అంత అధికారం ఇంకెప్పుడైనా ఉంటుందా? సరిహద్దు దాటి తమిళ దేశంలోకి వెళితే దీన్నే ‘ఒప్పారి’ అంటారు. అక్కడ దాన్ని సేకరించారు, పరిశోధించారు. మన పల్లెల్లో మాత్రం దాన్ని ఏడుపుగానే లెక్కగట్టి వదిలేశాం. బడికెళ్లని ఒక తల్లి జీవితచరిత్రను కూతురు తప్ప ఎవరు చెబుతారు? ఆమె కూడా ఒక్కసారే చెబుతుంది. మరుసటి రోజు మళ్లీ చెప్పమంటే చెప్పలేదు.

మళ్లీ మళ్లీ చెప్పిన కూతురు కూడా ఒకరున్నారు. ఇంగ్లండులో నటుల కుటుంబంలో పుట్టిన లిన్ రెడ్‌గ్రేవ్. ఆమె తల్లి రేచెల్ కెంప్సన్ కూడా నటే. షేక్‌స్పియర్ జూలియెట్ అంటే ఆ తల్లికి జీవితాంతం తీరని ఇష్టం. రేచెల్ 2003 మే నెలలో, 92 ఏళ్ల వయసులో పోయింది. తర్వాత లిన్ ‘రేచెల్ అండ్ జూలియెట్’ అని ఏకపాత్ర నాటకం రాసుకుని, తానే వేదికెక్కింది. అప్పటికే ఆమెకు రొమ్ము క్యాన్సర్. 2010 మే 2న లిన్ కూడా పోయింది. టికెట్టు కొని లోపల కూర్చున్నవాళ్లలో రేచెల్ ఎవరో తెలియనివాళ్లూ ఉండి ఉంటారు. తమ అమ్మ గుర్తొస్తే చాలదా!

ఇలా చూస్తే మల్లిక చేసిందాంట్లో వింతేముంది? రాగం తెలిసినామె రాగం తీస్తుంది. ఆమెకు అడుగు తెలుసు, అభినయం తెలుసు. అవి నేర్పిన మనిషే ఎదురుగా ఉంది. వింతగా అనిపించిందంటే, బహుశా మనం శోకాన్ని మరిచిపోయి చాలా రోజులైందేమో.

నిజమే, ఇప్పుడు ఫ్రీజర్ పెట్టె వచ్చింది. అద్దం అడ్డం. మైకులో ఘంటసాల భగవద్గీత మోగుతూ ఉంటుంది. దాన్ని మించి గొంతెత్తాలంటే చదువుకున్న అమ్మాయిలకు నామోషీ. గట్టిగా ఏడిస్తే ‘ఊరుకోమ్మా, బీపీ పెరుగుతుంది’ అని మందలించేవాళ్లు తయారు. ‘ఏడ్చేదానికైనా ఒక ఆడపిల్ల ఉండాల’ అని ముసలవ్వలు ఇప్పటికీ అంటుంటారు. ఆడపిల్ల ఉంటుంది. బెంగళూరులో ఉద్యోగం, కారులో మూడు నాలుగు గంటల్లో వచ్చేస్తుంది. వచ్చి తల్లి పాదాల దగ్గర కూలబడుతుంది. గుండె నిండా మాటలుంటాయి, బయటికి తెచ్చే రాగం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ మౌనం చూడలేక పక్కింటి అవ్వే ముందుకు జరిగి, కొంగు నోటికడ్డం పెట్టుకుని అందుకుంటుంది... ‘నీ కూతురొచ్చిందే, లేసి చూడవే’ అని.