ఉప్పుగాలి ఊళ్ళో యంత్రాల కాపురం

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు: "మా అక్కా నేనూ ఒకే కంపెనీ ఏ.సి. ఒకే వేసవిలో కొన్నాం. హైదరాబాదులో వాళ్ళది ఇప్పటికీ నిక్షేపంలా పనిచేస్తోంది. ఇక్కడ మాది నాలుగేళ్ళు నిండకుండానే బయటి పెట్టె వెనక రేకులు పొడిపొడిగా రాలి, గేసు పోయింది. బాగుచేయించడంకన్నా మార్చుకోవడమే మేలన్నాడు మెకానిక్కు. మాకేమైనా నాసిరకం సరుకు అంటగట్టారంటారా?"

నాసిరకం అనుకోనక్కరలేదు తల్లీ. సరుకు ఒకటే, గాలి వేరు. యంత్రంతోపాటు కంపెనీవారు చేతికిచ్చే చిన్న పుస్తకం అన్ని ఊళ్ళకూ ఒకటే. భీమునిపట్నం నుంచి గంగవరం దాకా సముద్రపుటొడ్డున కాపురముండేవారికి అందులోని జాగ్రత్తలు చాలవు. మెట్ట ఊళ్ళలో యంత్రాలకు అక్కరలేని సేవ కొంత ఇక్కడి యంత్రాలకు చెయ్యాలి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. నెలకో అరగంట, ఏడాదికో పూట చాలు. చెయ్యకపోతే మాత్రం పోయేది డబ్బొక్కటే కాదు. ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి కూడా వస్తుంది.

ముందు ఈ గాలి చేసే పని ఏమిటో చూద్దాం. కెరటం విరిగినప్పుడల్లా సన్నని తుంపర లేస్తుంది. అందులోని నీరు ఆవిరైపోగా మిగిలిన ఉప్పు, కంటికి కనపడని రేణువులై గాలివెంట ఇళ్ళమీదికి వస్తుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పుజాడీ నీరుకారడం గృహిణులందరూ ఎరిగిందే. గాలిలో చెమ్మ నూటికి 75 పాళ్ళు దాటిందంటే ఉప్పు తనంతట తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణం కూడా కలిసి వుంటుంది గనుక అది అంతకన్నా తక్కువ చెమ్మకే తడుస్తుంది. ఉక్కపోతకు పేరుపడిన మన ఊళ్ళో ఇక చెప్పేదేముంది! ఏ లోహం మీద వాలిన ఉప్పయినా చాలా రోజులు తడిపొరగానే వుంటుంది. ఆ పొర కింద ఇనుముకు తుప్పు పడుతుంది, రాగికీ ఇత్తడికీ చిలుం పడుతుంది, అల్యూమినియం తెల్లని పొడిగా రాలుతుంది.

ఉక్కు తయారుచేసే ఊరివారికి తుప్పు సంగతి ఒకరు చెప్పాలా అంటారేమో! బీచిరోడ్డున 2002 నుంచి మ్యూజియంగా నిలిపి వున్న కురుసుర జలాంతర్గామిని చూడండి. సముద్రంలో మునిగి తిరగడానికే పుట్టిన ఓడ అది. ఒడ్డెక్కి కూర్చున్నా దానికి రంగులూ మరమ్మత్తులూ తప్పవు. మన డాబామీది రేకుపెట్టె ఏపాటిది?

ఏ.సి. బయటి పెట్టె సంగతి

ఈ పెట్టె వెనక రాగిగొట్టాలు వుంటాయి. వాటిని పట్టుకుని పలచని అల్యూమినియం రేకులు వందలకొద్దీ వరసగా వుంటాయి. రెండు వేర్వేరు లోహాలు, నడుమ ఉప్పునీటి పొర. టార్చిలైటులో బ్యాటరీ ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది. ఆ వ్యవహారంలో రాగి చెక్కుచెదరదు, అల్యూమినియం కరుగుతుంది. రేకులు రాలితే వేడి బయటికి పోదు. కంప్రెసరు ఎక్కువసేపు ఆడుతుంది. కరెంటుబిల్లు పెరుగుతుంది. గొట్టాలకు చిల్లిపడితే గేసు పోతుంది.

మందు చాలా చవక: మంచినీళ్ళు. సముద్రానికి దగ్గరి ఇళ్ళవారు నెలకొకసారి, దూరపువారు రెండు మూడు నెలలకొకసారి బయటి పెట్టెను కడగాలి. మెయిన్ దగ్గర కరెంటు ఆపిన తరువాతే సుమా! సన్నని ధారతో రేకులు మాత్రం తడిసేలా కడగండి. వైర్లు వచ్చే పక్కకు నీళ్ళు కొట్టకండి. కార్లు కడిగే యంత్రంతో కొడితే ఆ వేగానికి రేకులు వంగి మూసుకుపోతాయి. పెట్టె గోడకు వేలాడుతూ చెయ్యి అందకపోతే మీరు సాహసించవద్దు, మెకానిక్కుని పిలవండి. పాతబస్తీవైపు, ఓడరేవుకు దగ్గరగా వున్న ఇళ్ళవారికి ఉప్పుతో పాటు నల్లదుమ్ము కూడా పడుతుంది గనుక వారు ఇంకా తరచుగా కడగాలి.

ఇక కొత్తది కొనేవారికి మూడు మాటలు. రేకుల మీద ఉప్పును తట్టుకునే పూత వుందా అని అడగండి. అది సామాన్యంగా నీలంగానో బంగారపు రంగుగానో కనిపిస్తుంది. గేరంటీ కాగితంలో తుప్పువల్ల వచ్చే నష్టానికి పూచీ వున్నదో లేదో కొట్లోనే చదివించండి. "పదేళ్ళు గేరంటీ" అన్న పెద్ద అక్షరాలు సామాన్యంగా కంప్రెసరుకే. బయటి రేకులకు కాదు. మూడోది, పెట్టెను సముద్రానికి ఎదురుగా పెట్టించకండి. గోడ చాటు దొరికితే దాని ఆయుష్షు పెరుగుతుంది.

ఫ్రిజ్ గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా స్టాండు మీద వుంచండి. తలుపు అంచున గీత పడ్డచోట తుప్పు మొదలవుతుంది. కనపడిన రోజునే కాస్త రంగు అద్దితే అక్కడితో ఆగుతుంది. బట్టలుతికే యంత్రాన్ని సముద్రంవైపు బాల్కనీలో పెట్టడం దానికి నిలువునా ఉప్పుస్నానం చేయించడమే.

కనిపించని చిలుం

అసలు భయపడవలసింది గోడలోని ప్లగ్గుల గురించి. దీపపుకుందెకు పట్టే చిలుమే ప్లగ్గులోని ఇత్తడికీ పడుతుంది. కుందెనైతే చింతపండు వేసి తోముతాం. ప్లగ్గు లోపలిది మన కంటికి కనపడదు. చిలుం పట్టిన చోట కరెంటు ఇరుకుదారిన పోవలసివచ్చి వేడెక్కుతుంది. ప్లగ్గు తాకితే వెచ్చగా వున్నా, పక్కన నల్లగా మాడినట్టు వున్నా, కాలిన వాసన వచ్చినా ఆ రోజే మార్పించండి. కొత్త సాకెట్టు ధర ఎంతో కాదు.

దానికన్నా ముఖ్యం ఎర్తు. ఫ్రిజ్జుకో గీజరుకో లోపల లీకేజీ వస్తే ఆ కరెంటును నేలలోకి పంపి మనల్ని కాపాడేది ఎర్తు తీగ. ఉప్పునేలలో అది కొన్నేళ్ళకు తుప్పుపట్టి తెగిపోవచ్చు. తెగినా దీపాలు వెలుగుతూనే వుంటాయి, ఫ్యానులు తిరుగుతూనే వుంటాయి. తడిచేత్తో ఫ్రిజ్ తలుపు పట్టుకున్ననాడు గాని తెలియదు. ఏ యంత్రాన్ని తాకినా జివ్వుమంటే "కాస్త షాకు కొడుతుందిలే, చెప్పులేసుకుని తియ్యి" అని పిల్లలకు చెప్పి వూరుకునే ఇళ్ళున్నాయి. అది యంత్రం ఇస్తున్న ఆఖరి హెచ్చరిక. వెంటనే మెయిన్ దగ్గర కరెంటు ఆపి, ప్లగ్గు తీసి, ఎలక్ట్రీషియనుకు కబురుచెయ్యండి. ఏడాదికొకసారి ఎర్తును పరీక్ష చేయించండి.

మెయిన్ పెట్టెలో ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి వుందో లేదో చూసుకోండి. ఇళ్ళకు పెట్టేది సామాన్యంగా 30 మిల్లీ ఆంపియర్లది. అంత కరెంటు దారితప్పి పోతే అది కళ్ళు మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. దానిమీద పరీక్షకని ఒక చిన్న బొత్తాం వుంటుంది. నెలకొకసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది వున్నా లేనట్టే. చెమ్మరోజుల్లో మాటిమాటికీ పడిపోతోందని కొందరు దాన్ని తీయించేసి నేరుగా కలిపించుకుంటారు. కుక్క అరుస్తోందని కుక్కను తరిమి దొంగకు తలుపు తీసినట్టు! అది ఎందుకు పడుతోందో వెతికించండి.

సెల్‌ఫోను, సముద్రస్నానం

సెలవునాడు బీచిలో కెరటాల మధ్య ఫోటోలు తీసుకోవడం పిల్లలకు సరదా. "మాది నీళ్ళలో పడినా పాడవని ఫోను" అంటారు. ఆ పరీక్షలు చేసేది మంచినీళ్ళలో. ఉప్పునీటికి ఆ హామీ లేదు. ఫోను కెరటంలో పడితే వెంటనే ఆపెయ్యండి, మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో ఉప్పు తుడవండి, పొడిగుడ్డతో ఒత్తండి, గాలి తగిలే చోట పెట్టండి. ఆరేవరకు చార్జింగు పెట్టకూడదు. తడివున్న రంధ్రంలో కరెంటు పారిందంటే చిలుం గంటలలో పడుతుంది. బియ్యం డబ్బాలో పాతిపెట్టడం వట్టి భ్రమ. బియ్యం ఉప్పును తీయలేదు సరికదా, దాని నూక రంధ్రాలలో చేరుతుంది.

గాలి తుపాను అయిననాడు

రోజూ కొద్దికొద్దిగా తినే గాలి ఒక్కొక్కనాడు ఒక్కసారే మింగటానికి వస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలివేగం గంటకు 180 కిలోమీటర్లదాకా వెళ్ళింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరింది. కైలాసగిరి మీది వాతావరణశాఖ రాడారు సైతం పనిచేయకుండా పోయింది. స్తంభాలు కూలి ఊరు రోజులతరబడి చీకట్లో వుంది. ఫోనులు మూగపోయాయి.

ఆనాడు మనకు కొంత నయమేమిటంటే జేబుల్లో నోట్లు వున్నాయి. ఫోనుద్వారా డబ్బు చెల్లించే యూపీఐ 2016లో గాని రాలేదు. ఇప్పుడు రైతుబజారులో కొత్తిమీర కట్టకూ ఫోనే చూపిస్తున్నాం. గేసు బండ, మందులచీటీ, బ్యాంకు, ఆధారు, బంధువుల నెంబర్లు అన్నీ అందులోనే. అటువంటి తుపాను మళ్ళీ వచ్చిందంటే దీపంతో పాటు మన డబ్బుసంచీ మూతికి కూడా ముడిపడుతుంది. అందుచేత ఈ నాలుగు పనులు హెచ్చరిక విన్ననాడే చెయ్యండి.

ఒకటి: వారం రోజులకు సరిపడే డబ్బు, చిన్ననోట్లుగా, ఇంట్లో వుంచండి. పెద్దనోటుకు ఆనాడు చిల్లర దొరకదు.

రెండు: పది ముఖ్యమైన నెంబర్లు కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించండి. విద్యుత్తు ఫిర్యాదులకు 1912. ఫోనులో దాచిన కాగితాలు సిగ్నలు లేకపోతే తెరుచుకోకపోవచ్చు. కావలసినవాటిని ఫోనులోకే దించుకోండి, అసలువాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టండి.

మూడు: ఫోను, పవర్‌బ్యాంకు నిండా చార్జి చెయ్యండి. ఉబ్బిన పవర్‌బ్యాంకును ముట్టవద్దు, అది అంటుకోవచ్చు. సిగ్నలు లేనిచోట ఫోను దానికోసం వెతికి వెతికి బ్యాటరీని తాగేస్తుంది. విమానంగుర్తు నొక్కి వుంచి, రెండు మూడు గంటలకొకసారి తెరిచి చూడండి. మాట అందకపోయినా రెండు ముక్కల సందేశం ఒక్కొక్కప్పుడు అందుతుంది. బ్యాటరీ రేడియో ఒకటి వుంటే ఎంతో మేలు. కొన్ని ఫోనులలోనూ ఎఫ్.ఎం. వుంటుంది, దానికి తీగవున్న ఇయర్‌ఫోనులే ఏరియల్, కాబట్టి పాతవి పారెయ్యకండి.

నాలుగు: స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గులు ఊడదీయండి. టి.వి. కేబులూ ఇంటర్నెట్టు తీగా కూడా. పిడుగు వాటివెంటా రాగలదు. యంత్రాలను నేలనుంచి ఎత్తిపెట్టండి.

తుపాను వెలిసి కరెంటు వచ్చిందని సంబరపడి అన్నీ ఒక్కసారి వెయ్యకండి. మొదట ఒక దీపం వేసి, మిణుకుమిణుకుమనకుండా నిలకడగా వెలుగుతోందో లేదో చూడండి. పావుగంట ఆగి ఫ్రిజ్, ఆ తరువాత ఏ.సి. తడిసిన యంత్రాన్ని మాత్రం మెకానిక్కు చూడకుండా ముట్టవద్దు.

ఇన్ని గుర్తుంచుకోవడం ఎలా అంటారా? మన పెద్దలు దానికొక రోజు ఎప్పుడో పెట్టిపోయారు. దసరాకు ఆయుధపూజ చేస్తాం గదా! స్కూటరుకు నిమ్మకాయ కట్టి, కంప్యూటరుకు బొట్టుపెట్టి ఊరుకోకుండా, ఆ పూటే ఎర్తు పరీక్ష చేయించండి, ప్లగ్గులు చూడండి, ఇన్వర్టరు బ్యాటరీ కొసలకు పట్టిన తెల్లపొరను తుడిపించి వేజిలీను రాయించండి, బీరువా మీది నెంబర్ల కాగితం మార్చండి. తుపాన్లు విరుచుకుపడేది ఆ రోజుల్లోనే. 2014లో దసరా వెళ్ళి పది రోజులు తిరక్కుండానే హుద్‌హుద్ వచ్చింది.