కన్నేమో హీలిక్స్ మీద

నా గిటార్‌కి ఆంప్ లేదు, లైన్ 6 వాళ్ల హెచ్ఎక్స్ స్టాంప్ ఉంది. పెద్ద ఆంపుల మోతని చిప్‌లో లెక్కగట్టి హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది. అర్ధరాత్రి అపార్ట్‌మెంట్‌లో ఇంకేం కావాలి? అయినా కన్నంతా దీని పెద్దన్న హీలిక్స్ మీదే. ధర చూస్తే గుండె గుభేల్!

నిజానికి రెండింట్లోనూ ఆంప్ మోడల్స్ ఒకటే. హీలిక్స్‌లో రెండు డీఎస్‌పీ చిప్‌లు, కాలితో తొక్కే పెడల్ అదనం. ఒకేసారి ఎక్కువ ఎఫెక్ట్స్ పెట్టుకోవచ్చు, టోన్ మాత్రం అదే. పైగా 2018లో స్టాంప్ వచ్చినప్పుడు 6 బ్లాకులే. 2020లో ఫ్రీ అప్‌డేట్‌తో 8 అయ్యాయి. నేను వాడేవి 5 దాటవు.

టోన్ మారాలా? స్పీకర్ పెట్టె ధ్వనిని పట్టుకున్న ఐఆర్ ఫైల్ మార్చి చూడండి, తేడా చెవికే తెలుస్తుంది. స్టేజి ఎక్కే బ్యాండ్ ఉంటే హీలిక్స్ కొనేవాణ్ణే. ప్రస్తుతానికి మంచి హెడ్‌ఫోన్స్ ఆర్డర్ పెట్టా.