పది డాలర్ల కాగితం

బొంత కుట్టడానికి పుస్తకం చూసినవాళ్ళు మన ఇళ్ళల్లో ఎవరైనా ఉన్నారా? నాలుగు పాత చీరలు మడతపెట్టి, పెద్ద సూదీ దారమూ పుచ్చుకుని, మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుమీద కూచుంటే నెల తిరిగేసరికి బొంత తయారయ్యేది. మా అమ్మ అలాగే కుట్టింది. అందుకని, కిందటేడు కాన్సాస్ సిటీలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, పక్కింటి పెద్దావిడ మూడు పెట్టెలనిండా బొంతల పత్రికలు చూపిస్తే నాకు నవ్వొచ్చింది.

ఆవిడ ఏమీ అనుకోలేదు. అక్కడ వీటిని క్విల్టులంటారు. ముక్కలు లెక్కప్రకారం కత్తిరించి, రంగులు కుదిర్చి అతుకుతారు గనక నమూనా కావాలి. ఆ ఊరి దినపత్రిక కాన్సాస్ సిటీ స్టార్ 1928 నుంచి 1961 దాకా ఇలాంటి నమూనాలు అచ్చువేసింది. వాటిలో పాఠకురాళ్ళు పంపినవీ ఎన్నో ఉన్నాయి. పెద్దావిడ తల్లి కత్తిరించి దాచుకున్నవి ఒక బిస్కట్ల డబ్బాలో ఇంకా ఉన్నాయి. మా అమ్మ వారపత్రికల్లో ముగ్గులు కత్తిరించి రామాయణంలో పెట్టుకోలేదూ, అలాగే!

తర్వాత 1969లో కొలరాడోలో బానీ లెమన్ అనే ఆవిడ క్విల్టుల కోసమే క్విల్టర్స్ న్యూస్‌లెటర్ అనే పత్రిక మొదలుపెట్టింది. మా పెద్దావిడ ఏళ్ళతరబడి దానికి చందా కట్టింది.

"ఇన్నింట్లోంచి ఎన్ని కుట్టారు?" అని అడిగాను.

"ఏడు," అంది సిగ్గుపడుతూ.

పత్రిక వచ్చిన రోజు టీ కాచుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చూస్తే కుట్టినంత తృప్తిగా ఉండేదట. వంటల పుస్తకాలు కొని, రోజూ పప్పూ చారూ వండే మనకిది కొత్తా?

ఆ పత్రిక 2016లో ఆగిపోయింది. ఇప్పుడావిడ కొనేది కుట్టదలచుకున్న నమూనా ఒక్కటే. కంప్యూటర్లో డబ్బు కడితే కాగితాలు ఇంట్లోనే అచ్చవుతాయి. ఉచితంగా నేర్పే వీడియోలు సరేసరి. ఖర్చు తగ్గింది. "కాని, ఇప్పుడు వెతికిందే దొరుకుతుంది. వెతకనిది కంటబడదు," అంది.

ఇక నా ఘనకార్యం వినండి. ఆవిడ బల్లమీది నమూనా నచ్చి, ఫోనులో ఫొటోలు తీసి రాజమండ్రిలో మా చెల్లెలికి పంపాను. అది వెంటనే తన కుట్టుపని స్నేహితురాళ్ళు నలభైమందికీ పంపించింది. ఆ సంగతి సంబరంగా చెబితే పెద్దావిడ మొహం చిన్నదైపోయింది.

"అది గీసిన పిల్ల నాకు తెలుసు. ఒక్కోటీ పది డాలర్లకి అమ్ముకుంటుంది. పత్రికలున్న రోజుల్లో వాళ్ళిచ్చేవారు డబ్బు. ఇప్పుడు మనమే ఇవ్వాలి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే మా అమ్మాయిచేత ఒక ప్రతి కొనిపించాను. చెల్లెలికి ఫోను చేస్తే, "ముగ్గుకి డబ్బులేమిటక్కా, విడ్డూరం!" అంది.

"అమ్మ ముగ్గులు వీధంతా తిరిగినా, ఆ పత్రికని ఎవరో ఒకరు కొన్నారు కదే!"

"మరి నువ్వూ కొన్నావుగా ఒకటి!"

నాకు జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

నేను బయల్దేరేముందు పెద్దావిడ లాగ్ కాబిన్ అనే పాతకాలపు నమూనా ఒకటి స్వయంగా గీసిచ్చింది. మధ్య ఎర్రని చదరం, చుట్టూ పట్టీలు. "ఇది ఎవరి సొత్తూ కాదు. ఎంతమందికైనా పంపు," అంది.

పంపాను. నలభైమందిలో కుట్టడం మొదలుపెట్టింది మా చెల్లెలొక్కతే. మధ్య ఎర్రముక్క కోసం అమ్మ చీర బయటికి తీసిందట గాని, కత్తెర వెయ్యడానికి చెయ్యి రావడం లేదట.