రెండు ఏజెన్సీల మధ్య

మన దగ్గర ఏజెన్సీ అనే మాటకు రెండు అర్థాలు. నేలకొండపల్లి మైదానం దాటి భద్రాచలం వైపు పోతే వచ్చే మన అడవి ఊళ్లు ఒకటి. మన పిల్లలను పనికి పెట్టి జీతంలో కోత కోసే ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ రెండోది. మొదటి ఏజెన్సీలో భూమి పోకుండా 1/70 చట్టం ఉందని చదువురాని అవ్వకు కూడా తెలుసు. రెండో ఏజెన్సీలో చేసిన చాకిరీ వృథా పోకుండా 1972లోనే గ్రాట్యుటీ చట్టం వచ్చిందని డిగ్రీ చదివిన తమ్ముడికి తెలియదు. ఈ తెలియనితనమే కాంట్రాక్టరు పెట్టుబడి.

లెక్క కష్టమైనది కాదు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఐదేళ్లు చేసి మానేసినవాళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలి. చివరి నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణించాలి. నెలకు 13,000 తీసుకునే కామాటికి ఏడాదికి 7,500, ఎనిమిదేళ్లకు 60,000 రూపాయలు. మనిషి చనిపోతే, పని చేయలేని స్థితికి వస్తే ఐదేళ్ల నిబంధన కూడా లేదు. ఇది దయ కాదు, దాచిపెట్టిన జీతం.

ఇవ్వకుండా ఉండటానికి వాళ్లు చెప్పే సాకులు మూడు.

‘నీకు వరుసగా ఐదేళ్లు లేవు’ అంటారు. ఏప్రిల్‌లో ఆపి జూన్‌లో కొత్త కాగితం ఇచ్చేది వాళ్లే. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే అది పూర్తి ఏడాదే. కార్మికుని తప్పు లేకుండా పని ఆగితే సర్వీసు తెగదు.

‘మీది జీతం కాదు, గౌరవ వేతనం’ అంటారు. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు ఇదే చెప్పారు. గుజరాత్ నుంచి వచ్చిన కేసులో 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసింది. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని తేల్చింది.

‘నువ్వు మా మనిషివి కాదు, ఏజెన్సీ మనిషివి’ అంటారు. టెండరు మారితే ఏజెన్సీ బోర్డు మారుతుంది. ఆశ్రమ పాఠశాల పొయ్యి మారదు, దాని ముందు కూర్చున్న అక్క మారదు. మరి ఆమె సర్వీసు ప్రతిసారీ సున్నా నుంచి ఎందుకు మొదలవ్వాలి? కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మిక చట్టమే చెప్పింది. గ్రాట్యుటీకి వేరే న్యాయం ఎట్లా ఉంటుంది?

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. యజమాని నేరుగా గడువు పెట్టి రాతపూర్వకంగా తీసుకున్నవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ అంటుంది. బాగుంది. కానీ ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లకు ఐదేళ్ల షరతు అట్లాగే ఉంది. ఒకే వంటగదిలో ఇద్దరికి రెండు న్యాయాలు.

నేలకొండపల్లి కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. ఖజానా సొమ్ముకు లెక్క చెప్పలేదని ఆయన్ను గోల్కొండలో చెరబెట్టారు. పాలకుల సొమ్ముకు అంత లెక్క ఉన్నప్పుడు, గిరిజన కూలి చెమటకు లెక్క అడిగితే తప్పేమిటి?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! నియామక కాగితం, బ్యాంకు పాసుబుక్కు, పీఎఫ్ నంబరు, హాజరు పట్టీ నకలు దాచుకోండి. పని మానిన 30 రోజుల్లో రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టండి. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగవచ్చు. సార్లూ, టీచరమ్మలూ! భాగహారం చెప్పే రోజు ఈ 26, 15 లెక్క నల్లబల్ల మీద వేయండి. టెండరు కాగితంలో గ్రాట్యుటీ సొమ్ము, పాత సర్వీసు రాయనిదే సంతకం పెట్టవద్దని ఐటీడీఏను అడుగుదాం. ఒక్కరు అడిగితే ఉద్యోగం పోతుంది. అందరం అడిగితే లెక్క తేలుతుంది.