పెరటి పాదు – వాడిన నీరు

రథసప్తమి గడచినది. ఎండలు ముదురుచున్నవి. రోహిణికార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పిరి. అప్పటినుండి తొలకరి పంట చేతికందువరకును వికారాబాదు, తాండూరు పట్టణములలోని సామాన్య గృహస్థునకు కూరగాయల బుట్ట తేలిక, దాని వెల బరువు. 2023 జులైలో టమాట కిలో నూరు రూపాయలు దాటిన సంగతిని ఎవరును మరచియుండరు. మండుటెండకు టమాటపూత నిలువక రాలిపోవును. ఆ లోటు ఒకటి రెండు నెలల పిమ్మట అంగడిలో కనబడును. మన పరిసర గ్రామముల రైతులు కూరగాయలు పండింపకపోలేదు. కాని అవి హైదరాబాదు అంగళ్లకు తరలిపోవుచున్నవి. పండించు సీమలోనే కొనలేనివారుండుట మనకు గౌరవము కాదు.

దీనికి ప్రభుత్వమువారు చేయవలసినది కొంత కలదు. కాని ఎవరి యుత్తరువు కొఱకును ఎదురుచూడక గృహస్థుడు తానే చేసికొనదగినది అంతకంటె ఎక్కువ కలదు. ఇంటిలో వాడి వీధిలోనికి విడుచు నీటితోనే వేసవికూరలలో మంచి భాగమును పెరటిలో పండించుకొనవచ్చునని మా విన్నపము.

“వేసవిలో త్రాగుటకే నీరు కఱవైనప్పుడు తోట లెక్కడివి?” అని కొందరడుగుదురు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. లెక్క చూతము. మిషన్ భగీరథ పథకములో గ్రామమున మనిషికి దినమునకు 100 లీటర్లు, మునిసిపాలిటీలలో 135 లీటర్లు కొలతగా నిర్ణయించిరి. ఆ కొలత ప్రతి గడపకును ప్రతిదినము అందుచున్నదని మేము వాదింపము. అందులో సగమే అందినను, త్రాగుటకును వంటకును పోవునది స్వల్పము. తక్కినదంతయు స్నానమునకు, గిన్నెలకు, బట్టలకు వ్యయమై మురికికాలువ పాలగుచున్నది. మండువేసవిలో ఒక చదరపు మీటరు కూరమడికి దినమునకు ఆరేడు లీటర్ల నీరు చాలును. నలుగురు మనుష్యులు బకెట్టుతో స్నానము చేసిన నీరు సుమారు 70 లీటర్లగును. అది పది చదరపు మీటర్ల మడికి సరిపోవును. కనుక లోపించినది నీరు మాత్రమే కాదు, నీటిని నిలుపుకొను బుద్ధియు లోపించినది.

అట్లని ప్రతి నీటిని ప్రతి మొక్కకు పోయరాదు. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు ఆకుకూరలకు శ్రేష్ఠము. స్నానపు నీటిని ఆనిగెపు తీగకు, అరటికి, చేమకు మొదట పోయవలెను, ఆకులపై చల్లరాదు. బట్టలుతుకు పొడి కలిసిన నీటిలోని ఉప్పులు నేలను బిగియజేయును. తాండూరు రేగడిలో ఈ కీడు మరింత త్వరగా కలుగును గనుక ఆ నీటిని పాదులకు దూరముగా నుంచుట మేలు. పచ్చిగా తిను కొత్తిమీర వంటివానికి మంచినీరే పోయవలెను. వాడిన నీటిని నిలువయుంచినచో దుర్వాసనయు దోమలును పుట్టును. ఏనాటి నీరు ఆనాడే పోయవలెను.

మన రెండు పట్టణములకు నేలలు వేరు. అనంతగిరి చుట్టునుగల ఎఱ్ఱనేల నీటిని త్వరగా దిగజార్చును; దానికి మాగిన పెంటయెరువు సమృద్ధిగా వేసి, ఎండుటాకులను, చొప్పను మడిపై కప్పియుంచవలెను. తాండూరు రేగడి నీటిని పట్టియుంచును గాని ఎండిన పిమ్మట నెఱ్ఱెలు విచ్చి వేళ్లను తెంచును. అందు ఎఱ్ఱమట్టి, ఎరువు కలిపి మడిని కొంచె మెత్తుగా చేయవలెను. ఆకుల కప్పు రెంటికిని రక్షయే.

ఇచ్చట మరియొక మాట చెప్పక తప్పదు. తాండూరు బండ ఇంటిలోపల చల్లదనమిచ్చు సొమ్ము. ఆ బండనే పెరడంతయు పరచి మట్టి కనబడకుండ చేయు అలవాటు నేడు ప్రబలినది. అట్టి పెరటిలో వానచుక్క ఇంకదు, విత్తు మొలవదు. పగలు కాగిన బండ రాత్రియు సెగ వెడలగ్రక్కును. కొత్త యిల్లు కట్టువారు పెరటిలో పది అడుగుల మట్టినైన విడువవలెనని మేము కోరుచున్నాము.

విత్తుటకు ఇదియే అదను. బెండ, గోకర, బీర, ఆనిగెము, కాకర, దోస ఇప్పుడే నాటవలెను. కోయగూర నాలుగు వారములలో కోతకు వచ్చును. పుంటికూర అంతకు కొంచె మాలస్యము. బెండ 45 లేక 50 దినములలో తొలికాయ నిచ్చును గనుక ఉగాది నాటికి పెరటి బెండ వంటయింటికి చేరవచ్చును. బీర, ఆనిగెములకు రెండు నెలలు పట్టును. గంగవాయిలికూర ఎండకు వెఱవదు. టమాటను మండువేసవిలో నమ్మరాదు. పడమటి ఎండ పడుచోట పందిరి వేసి తీగలు ప్రాకించినచో, దాని నీడలో ఆకుకూరల మడులు వాడక నిలుచును.

తీగెకు మొదట పూసినవన్నియు మగపూవులై రాలిపోవుట చూచి పలువురు నిరాశపడి పాదును పెఱికివేయుదురు. అది తొందరపాటు. మగపూవులు ముందు వచ్చుట తీగెల స్వభావము; ఎండ యధికమైనకొలది అవి మరింత హెచ్చును. ఆనిగెపు పూవు సాయంకాలము విచ్చును. తేనెటీగలు లేని పట్టణపు పెరటిలో సంధ్యవేళ ఒక మగపూవును త్రుంచి ఆడపూవునకు తాకించినచో పిందె నిలుచును. కాయలకు ఈగపోటు తగిలినప్పుడు చెడిన కాయను పెరటిలో విడువక తీసివేసి నాశనము చేయవలెను. పిందెలకు కాగితపు సంచి తొడుగుట మందు చల్లుటకంటె మంచి రక్ష.

నీటి పొదుపునకు మట్టికుండ మహోపకారి. మెఱుగు పూయని కుండను మెడవరకు మడిలో పాతి, నీరు నింపి, మూకుడు మూసినచో నీరు మెల్లగా చెమర్చి చుట్టునున్న నాలుగు పాదుల వేళ్లకు చేరును. ఎండ దానిని దొంగిలింపజాలదు. రెండువేల యేండ్లకు పూర్వమే చీనాదేశపు వ్యవసాయగ్రంథమొకటి ఈ పద్ధతిని వర్ణించినది. మన కుమ్మరి చేతి కుండలు వేసవి చలినీళ్లకే గాక పెరటికిని కొన్నచో, ఒక వృత్తికి ఊపిరి పోసినవారము కూడ నగుదుము.

ఇక భోజనము మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూత్రముల ప్రకారము, 2000 కేలరీల ఆహారము తీసికొను మనిషి దినమునకు 400 గ్రాముల కూరలు, ఆకుకూరలు తినవలెను. నలుగురున్న యింటికి దినమునకు కిలోన్నర పైమాట. పది చదరపు మీటర్ల మడి అదంతయు తీర్చునని చెప్పుట అబద్ధమగును. కాని వెల హెచ్చినప్పుడు సామాన్యుడు మొట్టమొదట మానుకొను ఆకుకూరనైన అది లోటు లేకుండ ఇచ్చును. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినదని గర్వించితిమి. ఆ కందిపప్పులో వాడిన అంగడి ఆకు వేయుటకును, అప్పుడే త్రుంచిన పుంటికూర వేయుటకును గల భేదము జొన్నరొట్టెతో తిన్నవారే యెఱుగుదురు. లేత బీరకాయ కూరయగును, దాని పొట్టు పచ్చడియగును. వేసవి మధ్యాహ్నమున ఈ రుచి ధనికుని సొత్తు కానక్కరలేదు.

పెరటికూర యనగానే చిన్నమాట యని తలచువారు చరిత్రను చూడవలెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులో ఉద్యానవనములనే కూరమడులుగా మార్చిరి. అమెరికాలో లక్షలకొలది గృహస్థులు ఇంటితోటలు వేసిరి. 1935లో గాంధీజీ హరిజన్ పత్రికలో పచ్చి ఆకుల ఆహారపు విలువను గూర్చి వ్రాసిరి. దేశమును నడపువారు ఆకుకూరను గూర్చి ఆలోచించుట వారికి చిన్నతనముగా తోచలేదు.

మన అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పునకు పాఱి హైదరాబాదు చేరును. కాగ్నా తాండూరు మీదుగా పోయి భీమలో కలియును. మనయొద్ద తేటగా బయలుదేరిన మూసీ నగరము దాటునప్పటికి మురుగునీటి వాహినియై, దిగువ గ్రామములలో ఆ నీటితోనే గడ్డియు ఆకుకూరలును పండింపబడుచున్నవి. నగరము చేసిన తప్పును మన చిన్నపట్టణములు చేయకముందే మేలుకొనుట మంచిది. వీధికాలువలో కలియకముందు వాడిననీరు పాదునకు మేలు. కలిసిన పిమ్మట అది ఏటికి కీడు.

ఈ శ్రమను గృహలక్ష్ముల నెత్తిన వేసి పురుషులు ఫలమును మాత్రము భుజింతుమన్నచో మా మాట కర్థము లేదు. బిందె మోసిన చేతికే మడియు త్రవ్వుమనుట న్యాయము కాదు. ఉదయము అరగంట పురుషుడు పార పట్టవలెను. పిల్లలు నీరు పోయవలెను. పెరడు లేని అద్దెయిండ్లవారికి, గుడిసెలవారికి బడులయొద్ద, బోరుబావులయొద్ద పడియున్న స్థలములలో మడులు కేటాయించుట వికారాబాదు, తాండూరు మునిసిపాలిటీలకు అసాధ్యము కాదు. తడిచెత్తను ఎరువుగా మార్చి ఆ మడులకే ఉచితముగా నీయవచ్చును. ఖాళీస్థలము నెవరైన ఆక్రమింతురను భయము చెప్పుదురు. ఏటేట గడువు పెట్టి వ్రాతమూలముగా నిచ్చినచో ఆ భయము తీరును.

కావున సోదర సోదరీమణులారా, ఈ వారముననే స్నానపుగది నీటికి ఒక కాలువ తీయుడు. రెండు పాదులు చేయుడు. పొరుగువారికి గుప్పెడు విత్తనము లిండు. ఉగాది పచ్చడి చేయునాటికి ప్రతి పెరటిలో ఒక తీగె పందిరి నెక్కవలెను. అన్నమునకు పరుల చేతివైపు చూడని యిల్లు తక్కిన విషయములలోను తలయెత్తి నిలుచును.