కొంగు తడిస్తే చాలా?

"అంత ఏడిపించిన సినిమాని ఆడిపోసుకోడానికి నీకు నోరెలా వచ్చిందమ్మా?" అని మా వదిన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తగువు ఆస్తి గురించి కాదు. గ్రిఫిత్ 1919లో తీసిన 'బ్రోకెన్ బ్లాసమ్స్' అనే మూకీ సినిమా గురించి!

చూడనివాళ్ళకి కథ చెప్తాను. లండన్‌లో లైమ్‌హౌస్ అనే పేట. లూసీ అని ఓ పిల్ల. తండ్రి బాక్సర్, తాగుబోతు, కొరడా పుచ్చుకుని బాదుతాడు. నవ్వమని గద్దిస్తే, పాపం, రెండు వేళ్ళతో పెదవుల కొసలు పైకి నెట్టి నవ్వుతుంది. దెబ్బలు తిన్న పిల్ల ఓ చైనా అతని కొట్లో సొమ్మసిల్లి పడిపోతే, అతను పట్టుబట్టలు కట్టబెట్టి, బొమ్మ చేతికిచ్చి దేవతలా చూసుకుంటాడు. తండ్రికి తెలిసిపోతుంది. పిల్ల అలమరలాంటి చిన్న గదిలో దూరి గడియ పెట్టుకుంటే, వాడు గొడ్డలితో తలుపు పగలగొడతాడు. లోపల లిలియన్ గిష్ గిరగిరా తిరిగిపోతుంటే, మూకీ అయినా ఆ అరుపు మన చెవుల్లో పడుతుంది. నేనూ ఏడ్చాను. అబద్ధమెందుకు?

అయితే ఆ చైనా అతను ఎవరనుకున్నారు? రిచర్డ్ బార్తెల్‌మెస్ అనే తెల్ల నటుడు! కళ్ళు సగం మూసి, భుజాలు వంచి నడిస్తే చైనావాడైపోయాడట. నటుల పట్టికలో ఆ వేషానికి పేరైనా లేదు. 'పసుప్పచ్చ మనిషి' అని వేశారు. తనని ఆదరించినవాణ్ణి లూసీ పిలిచే పిలుపు కూడా చైనావాళ్ళని తిట్టే తిట్టే.

"మంచివాడుగానే చూపించారుగా!" అంటుంది వదిన. నిజమే. చైనా కూలీలని అడుగు పెట్టనివ్వకుండా 1882లో చట్టం చేసి, 1943 దాకా దాన్ని పట్టుకు వేలాడిన అమెరికాలో అది తక్కువేం కాదు. కానీ ఆ మంచితనానికి పెట్టిన షరతు చూడండి. ప్రేమించాలి, దగ్గరికి రాకూడదు. ముద్దు పెట్టుకోబోయి, ఆమె చేతి అంచుగుడ్డని ముద్దాడి వెనక్కి తగ్గాలి. ఆఖరికి కత్తితో పొడుచుకు చావాలి!

వేషం వేసేవాళ్ళు దొరకలేదేమో అనకండి. జపాన్ నుంచి వచ్చిన సెస్యూ హయకావా 1915లో 'ద చీట్'తోనే పెద్ద స్టారైపోయాడు.

అదే 1915లో ఈ గ్రిఫిత్ మహానుభావుడే 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' తీశాడు. అందులోనూ ఓ పిల్ల హడలిపోయి కొండ మీంచి దూకుతుంది. వెంటపడే నీగ్రో వేషగాడు మొహానికి నల్లరంగు పులుముకున్న తెల్లవాడే. ముసుగుల కూ క్లక్స్ క్లాన్ దండు గుర్రాలెక్కి వస్తే జనం చప్పట్లు కొట్టారు. నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎంత మొత్తుకున్నా ఆట ఆగలేదు. మూలపడ్డ ఆ దండు ఆ ఏడే మళ్ళీ లేచింది. కన్నీళ్ళే కొలతైతే ఈ సినిమాకీ దండ వెయ్యాలి మరి. వేద్దామా వదినా?

మూడోరోజు రాజీ కోసం వదినకి 1922 నాటి 'ద టోల్ ఆఫ్ ది సీ' చూపించాను. కథానాయిక అన్నా మే వాంగ్, అచ్చంగా చైనా ఇంటి ఆడపిల్లే. అప్పటికి పదిహేడేళ్ళు. కన్నకొడుకుని తెల్ల సవతి చేతిలో పెట్టేటప్పుడు ఆ కళ్ళు చూడాలి! వదిన మళ్ళీ ఏడ్చింది. ఏడ్చి, "ఈ పిల్లకి తర్వాత మంచి వేషాలొచ్చాయా?" అంది.

చెప్పాను. 1937లో 'ద గుడ్ ఎర్త్' వచ్చిందని, అందులో చైనా రైతు భార్య వేషం కోసం ఈమె ఎంతో ఆశపడిందని, అది జర్మనీలో పుట్టిన లూయిసా రైనర్‌కి ఇచ్చారని, దానికి ఆస్కార్ కూడా వచ్చిందని.

వదిన కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టేసింది.