శనికి దొరికిన ముద్దాయి పదవి

శనివారం వచ్చిందంటే కర్ణాటకలోని పావగడ శనిమహాత్మ గుడి ముందు జనమే జనం. తుమకూరు వైపు నుంచీ వస్తారు, హద్దు దాటి అనంతపురం వైపు నుంచీ వస్తారు. శ్రావణ శనివారాలైతే చెప్పనక్కర్లేదు. పంట పోయినా, పెళ్లి తప్పినా, కొడుక్కి ఉద్యోగం రాకున్నా సిద్ధాంతి నోట వచ్చే మాట ఒకటే: ‘శని నడుస్తున్నాడు.’

ఈ నడక లెక్క చూద్దాం. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి దాదాపు 29 ఏళ్లన్నర. అంటే ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు. జన్మరాశికి ముందుదీ, జన్మరాశీ, తర్వాతదీ కలిపితే ఏడున్నరేళ్ల ఏలినాటి శని. దానికి తోడు నాలుగింట అర్ధాష్టమం, ఎనిమిదింట అష్టమం. మొత్తం పన్నెండింట అయిదు రాశులు! ఏ రోజు చూసినా నూటికి నలభైమందికి పైగా శని పాలబడే ఉంటారు. ఇంతమందిలో కష్టం లేనివాళ్లు దొరుకుతారా? అందుకే జోస్యం ‘ఫలిస్తుంది’.

పోనీ, ఇది మన ఋషులు చెప్పిందేనా అంటే అదీ కాదు. వేదాంగ జ్యోతిషంలో తిథులు, నక్షత్రాలు ఉన్నాయి. మేషం, వృషభం వంటి రాశుల జాతకాలు లేవు. గ్రహాలను బట్టి శకునం చూడటం బాబిలోనియాలో పెరిగి, గ్రీకుల చేతిలో జాతకమై, క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో ఇక్కడికి చేరింది. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలోని టాలెమీ అప్పటికే శనిని చెడ్డ గ్రహాల పద్దులో రాశాడు. యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రంలో ఋషుల్లా పూజ్యులేనని వరాహమిహిరుడు దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఆయనకున్న నిజాయితీ నేటి టీవీ జ్యోతిష్కులకు లేదు.

చెడుకు పొరుగింటి నుంచి కారకుణ్ణి తెచ్చుకోవడం మనకొక్కరికే చెల్లలేదు. క్రీ.పూ. 586లో బాబిలోనియన్లు యెరూషలేమును కూల్చి యూదులను చెరపట్టుకుపోయారు. 539లో పారశీక చక్రవర్తి కోరెషు బాబిలోనును గెలిచాక రెండు శతాబ్దాలు వాళ్లు పారశీకుల ఏలుబడిలో ఉన్నారు. ఆ పాలకుల మతంలో మంచికి అహుర మజ్దా, చెడుకు అంగ్ర మైన్యు. ఇప్పుడు బైబిలు తెరవండి. దావీదు చేత జనాభా లెక్క తీయించే తప్పు చేయించింది రెండవ సమూయేలులో దేవుడే. చెర తర్వాత రాసిన మొదటి దినవృత్తాంతముల్లో అదే పనికి ప్రేరేపించినవాడు సాతాను! తోబీతు గ్రంథంలో సారా ఏడుగురు వరులను మొదటి రాత్రే చంపే అస్మోదియసు అనే దయ్యం, పారశీకుల కోపదయ్యం ఐష్మ వారసుడేనని చాలామంది పండితులంటారు. దాన్ని తరిమింది చేప గుండె, కాలేయం కాల్చిన పొగ. సాతాను పారశీకం నుంచే వచ్చాడా అన్నదానిపై మాత్రం వాదన తెగలేదు. అంతా అప్పే అనడం తొందరపాటు.

అప్పు తెచ్చిన అవసరం మాత్రం స్పష్టం. మంచి దేవుడు ఇన్ని కష్టాలు పెడతాడా అన్న ప్రశ్నకు అక్కడ సాతాను ముద్దాయి అయ్యాడు. ఇక్కడ కర్మ సిద్ధాంతం ఉండనే ఉంది, కానీ కర్మకు గడువు తేదీ లేదు. శనికి ఉంది, శాంతి కూడా ఉంది.

పావగడ అసలు కష్టాలు నేల మీదే ఉన్నాయి: వానలు తక్కువ, బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. నవగ్రహాల్లో మొదటివాడైన సూర్యుడి నుంచి ఇదే తాలూకా తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల విద్యుత్ పార్కు కట్టుకున్నారు, అదేమీ గ్రహశాంతితో రాలేదు. పళ్లు గారపట్టినా, కీళ్లు బిగుసుకుపోయినా ముందు ఇంటి బోరు నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఆ నీళ్లు తాగకూడదు.